జానెడు పదును

నీల్‌థాచ్ అనే మంచుకొండ ఊళ్లో ఢిల్లేశ్వరి అనే పదహారేళ్ల పిల్ల ఉండేది. నలుగురూ చూసేచోట పని చెయ్యడంలో ఆమెని మించినవాళ్లు లేరు, ఎవరూ చూడనిచోట పని ఎగ్గొట్టడంలో అసలే లేరు.

ఇల్లు ఊడవమంటే గడప ముందు అద్దంలా ఊడ్చేది. మంచం కింద దుమ్ము మంచం కిందే ఉండేది. నోటుపుస్తకంలో మొదటి పేజీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది, ఎందుకంటే మాస్టారు తిప్పి చూసేది ఆ పేజీయే. నాలుగో పేజీ నుంచి కోడి కెలికినట్టు ఉండేది. "పైన పటారం, లోన లొటారం" అని తల్లి అసిరమ్మ రోజుకోసారి అనేది. ఢిల్లేశ్వరి నవ్వేసి ఊరుకునేది. పోనీ బద్ధకస్తురాలా అంటే అదీ కాదు. పట్టుబట్టిందంటే కొండనైనా పిండి కొట్టే రకం. నాకు ఒళ్లు మండేది అక్కడే. చేతకానివాళ్లు చెయ్యకపోతే జాలిపడతాం. చేతనైనవాళ్లు చెయ్యకపోతే ఏమనాలి?

ఇప్పుడు మీరడుగుతారు, ఢిల్లేశ్వరి అంటే మన శ్రీకాకుళం వైపు పేరు కదా, ఆ పిల్లకి మంచుకొండల్లో ఏం పని అని. తొందరపడకండి, చెబుతున్నాను. ఆమె తండ్రి లోకనాథం కమ్మరి. టెక్కలి దగ్గర పల్లె నుంచి, కొండల్లో రోడ్డు వేసే ముఠాతో కలిసి అంత దూరం వెళ్లాడు. రాళ్లు పగలగొట్టే ఉలులు, పికాసులు, గునపాలు రోజూ మొద్దుబారిపోతాయి కదా. వాటికి కొలిమిలో పదును పెట్టడం ఆయన పని. నాలుగేళ్లుగా ఆ ముగ్గురూ అక్కడే ఒక రేకుల ఇంట్లో ఉంటున్నారు. "అంత చలిలో ఎలా బతుకుతున్నారు వదినా?" అని ఊరి నుంచి ఆడపడుచు ఫోన్లో అడిగితే, "కొలిమి ఉంది కదమ్మా, దాని పక్కనే వంట, దాని పక్కనే పడక" అనేది అసిరమ్మ.

ఢిల్లేశ్వరికి ఆ పాడుబుద్ధి ఎక్కడ అబ్బిందంటారా? ఆ రోడ్డు పని దగ్గరే. తనిఖీకి వచ్చే పెద్దమనిషి ఎప్పుడూ కిలోమీటరు రాయి పక్కనే జీపు ఆపి, అక్కడే గునపం గుచ్చి చూసేవాడు. అందుకని కొందరు గడుసువాళ్లు రాయి పక్కన నాలుగు గజాల మేర మాత్రం గట్టిగా దిమ్మిస కొట్టి, మిగతాది పైపైన సర్దేసేవాళ్లు. వచ్చిన కొత్తలో అది చూసిన ఢిల్లేశ్వరి, 'ఓహో, తెలివంటే ఇదన్నమాట' అనుకుంది. చెడ్డ పాఠం ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది. మంచి పాఠమే వందసార్లు చెప్పించుకుంటాం.

నీల్‌థాచ్ బడిలో చలికాలం స్కీ ఆట నేర్పేవారు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. రెండు కాళ్లకీ రెండు పొడుగాటి సన్నని పలకలు బిగించుకుని, మంచు వాలు మీద పై నుంచి కిందికి జారుతారు. ఆ పలకలే స్కీలు. వాటి అడుగున రెండు పక్కలా, ముక్కు నుంచి తోక దాకా, సన్నని ఇనప అంచు ఉంటుంది. ఒక పక్కకి ఒరిగితే ఆ అంచు మంచులోకి దిగి పట్టుకుంటుంది, మనిషి మలుపు తిరుగుతాడు. మంచు మెత్తగా ఉన్నన్నాళ్లూ అంచు ఎలా ఉన్నా చెల్లిపోతుంది. మంచు బిగుసుకుని గాజులా అయిందా, ఇక ఆ అంచే దిక్కు.

ఈ ఆట నేర్పేది ఆంగ్మో దీదీ. నలభై ఏళ్ల మనిషి, తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. ఆమె పిల్లలతో మాట్లాడేది హిందీలో. నేను మనకి తెలిసేలా తెలుగులో చెబుతున్నాను. బడి పాత స్కీలు పిల్లలకి పంచిపెట్టి ఆమె ఒక్కటే షరతు పెట్టింది.

"ఇవి మీ ఇంటికి తీసుకెళ్లండి. వారం వారం అంచులు మీరే నూరుకోవాలి. శనివారం నాకు చూపించాలి. పదును లేని స్కీతో ఎవరూ కొండ ఎక్కడానికి వీల్లేదు."

ఎలా నూరాలో కూడా ఆమే నేర్పింది. స్కీని బల్ల మీద పక్కకి నిలబెట్టి, ఇనుము నూరే ఆకురాయిని ఒక చిన్న దిమ్మకి ఆనించి, ముక్కు నుంచి తోక దాకా ఒకే దిక్కుగా లాగాలి. ముందుకీ వెనక్కీ రుద్దకూడదు. రాలిన ఇనప రజను గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత సానరాయితో మెల్లగా లాగి, అంచు మీద లేచిన గరుకు తియ్యాలి. ఒక స్కీకి రెండంచులు, రెండు స్కీలకి నాలుగు. శ్రద్ధగా చేస్తే గంటన్నర పడుతుంది. ఇనుము చల్లగా చేతికి అంటుకుంటుంది, వేళ్లు కొంకర్లు పోతాయి.

మొదటి వారం ఢిల్లేశ్వరి నాలుగంచులూ బుద్ధిగా నూరింది. శనివారం అందరితో పాటు వరసలో నిలబడింది. ఆంగ్మో దీదీ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, నిలబెట్టిన స్కీల మీద నడుం ఎత్తున బొటనవేలి గోరు అడ్డంగా గీసేది. గోటి నుంచి తెల్లటి పొడి రాలితే పదునున్నట్టు. ఇరవైమంది పిల్లలు, ఇరవై జతలు. ప్రతి జతకీ నాలుగంచులూ చూసేది కానీ, చెయ్యి మాత్రం ఎప్పుడూ ఒక్కచోటే పడేది, సరిగ్గా పాదం పెట్టేచోట. ఢిల్లేశ్వరి కళ్లు ఆ వేలి మీదే ఉన్నాయి.

ఇంకేముంది! రెండో వారం నుంచి ఆ వేలు పడేచోట జానెడు మేర మాత్రం నూరడం మొదలుపెట్టింది. ఆ జానెడూ మాత్రం మామూలుగా కాదు, గోరు పెడితే పిండిలా రాలాలి. పది నిమిషాల్లో పని అయిపోయేది. శనివారం దీదీ గోరు గీసి, "భేష్ ఢిల్లీ! అందరూ చూడండి, పదునంటే ఇదీ" అనేది. ఢిల్లేశ్వరిని ఆమె పిలిచేది అలాగే.

పక్కన నిలబడ్డ పల్మో అనే అమ్మాయి కుతూహలంగా చూసేది. పల్మో ఆ ఊరి పిల్లే, ఢిల్లేశ్వరికి స్నేహితురాలు. నెమ్మదస్తురాలు, జోరు తక్కువ. వాళ్లది పొరుగిల్లే, ఆ ఇంటి వసారాలో గంటన్నర కూర్చుని నూరేది.

"నీకింత తొందరగా ఎలా అయిపోతుంది?" అని పల్మో ఒకసారి అడిగింది.

"మా నాన్న కమ్మరి కదా. పదును పెట్టడం మా రక్తంలోనే ఉంది" అంది ఢిల్లేశ్వరి, నదురూ బెదురూ లేకుండా.

పాపం, లోకనాథానికి ఈ సంగతి తెలీదు. తెలిస్తే ఆ మాటకి తల ఎక్కడ పెట్టుకునేవాడో!

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కొండ మీద ఢిల్లేశ్వరిని అందుకోగలవాళ్లు లేరు. భయం అంటే తెలీదు. పడితే లేచేది, లేచి మళ్లీ ఎక్కేది. మిగతా పిల్లలు నాలుగుసార్లు దిగి టీకి వెళ్లిపోతే, ఆమె పన్నెండుసార్లు దిగేది. ఆ చలికాలం మంచు కూడా మెత్తగా, పిండి ఆరబోసినట్టు పడింది. మెత్తని మంచు మీద జానెడు పదునే చాలింది. 'గంటన్నర కూర్చునేవాళ్లు వెర్రివాళ్లు' అని ఆ పిల్ల ఖాయం చేసుకుంది.

ఫిబ్రవరిలో ఒక కబురు వచ్చింది. పెద్ద స్కీ శిక్షణ కేంద్రంలో నీల్‌థాచ్ బడికి ఒక్క సీటు ఇచ్చారు. పోటీ పెట్టి, గెలిచిన ఒక్క అమ్మాయికి అక్కడే చదువు, తిండి, బస, కొత్త స్కీలు, అన్నీ వాళ్లే ఇస్తారు. ఆ వార్త విన్నరోజు ఢిల్లేశ్వరి అన్నం తినలేదు. ఎందుకంటే రోడ్డు పని మార్చితో అయిపోతోంది. ముఠా మొత్తం కొండ దిగి, మంచు పడని చోట ఇంకో రోడ్డుకి వెళ్లిపోతుంది. సీటు వస్తే ఆమె కొండ మీద ఉంటుంది. రాకపోతే మంచుతో ఆమెకి ఋణం తీరిపోయినట్టే.

"నాన్నా, ఆ సీటు నాదే. చూస్తూ ఉండు" అంది.

"నీదే అవుతాదమ్మా. నీ కాళ్ల సత్తా నాకు తెల్దా?" అన్నాడు లోకనాథం.

పోటీకి వారం ముందు వాతావరణం తిరగబడింది. రెండు రోజులు ఎండ కాసింది. మూడో రోజు మంచుకి బదులు వాన పడింది. ఆ మర్నాటి నుంచి ఎముకలు కొరికే చలి. కరిగిన మంచంతా బిగుసుకుని, కొండవాలు నీలం రంగు తిరిగింది. రాయి విసిరితే టంగుమని మోగేది. దీదీ పిల్లలందరినీ పిలిచి, "ఈసారి గట్టి మంచు మీద పోటీ. అంచులు బాగా చూసుకోండి" అని హెచ్చరించింది.

పోటీకి ముందు రోజు సాయంత్రం ఢిల్లేశ్వరి ఇంట్లో కూర్చుని తన జానెడూ నూరుకుంటోంది. లోకనాథం కొలిమి సర్దుకుని వచ్చి, ఊరికే కూతురి పని చూద్దామని స్కీ తోక దగ్గర వేలు పెట్టాడు. వేలికి ఎర్రటి తుప్పు అంటింది. ఇంకాస్త పైకి రాసి చూశాడు. అంచు గుండ్రంగా, గులకరాయి చెంపలా ఉంది.

"ఏటమ్మా ఇది? ఇక్కడ తుప్పు పట్టీసింది. ఇటేపు నూరలేదేటి?"

"అక్కడ అక్కర్లేదు నాన్నా. దీదీ వేలు అక్కడ పడదు."

లోకనాథం వేలికంటిన తుప్పు చూసుకున్నాడు. ఆయన ముఖం మాడిపోయింది. "దీదీ వేలు పడదు సరే. మరి మంచు?" అన్నాడు.

"మూడు నెలలుగా దిగుతున్నాను. ఏమైంది? ఎప్పుడైనా అంచు వల్ల పడ్డానా?"

"అది మెత్తటి మంచు. ఇది రాయి. రాయి సంగతి నన్నడుగు. ముప్ఫై ఏళ్ల నుంచి దాంతోనే నా బతుకు." ఆయన ఆకురాయి అందుకున్నాడు. "ఇంకా పొద్దుంది. లే, ఇద్దరం కూర్చుందాం. నేను పట్టుకుంటాను, నువ్వు లాగు."

"అబ్బా, రేపు పోటీ పెట్టుకుని ఇప్పుడు చేతులు నొప్పి పుట్టించుకోమంటావా? నాకు తెలుసులే నాన్నా" అని ఢిల్లేశ్వరి ఆకురాయి ఆయన చేతిలోంచి లాక్కుని మూల పెట్టేసింది.

అసిరమ్మ పొయ్యి దగ్గర నుంచి కేకేసింది. "ఓలమ్మో, ఇనీవే గుంటా! అయ్య మాట పెడచెవిని పెడితే అచ్చిరాదే!"

వింటేనా! ఎవరు చెప్పినా వినే ఘడియ కాదది. మనకీ ఉంటాయి అలాంటి ఘడియలు, బుకాయించకండి.

మర్నాడు పొద్దున్నే ఊరంతా కొండ కింద చేరింది. రోడ్డు ముఠావాళ్లు కూడా దుప్పట్లు కప్పుకుని వచ్చారు, మన పిల్ల గెలుస్తుందని. వాలు మీద ఇరవై రెండు జెండా కర్రలు పాతారు. ఒక్కో కర్ర చుట్టూ మలుపు తిరుగుతూ కిందికి రావాలి. రెండుసార్లు దిగాలి, రెండు సమయాలూ కలిపి ఎవరివి తక్కువైతే వాళ్లది గెలుపు. మొదటిసారే పడి దారి తప్పితే రెండోసారి లేదు. దీదీ అందరి స్కీల మీదా గోరు గీసి చూసింది. ఢిల్లేశ్వరి స్కీల మీద గోటి పొడి జలజలా రాలింది. దీదీ తల ఊపి ముందుకి వెళ్లిపోయింది.

పల్మో ముందు దిగింది. నిదానంగా, ఎక్కడా తొణక్కుండా దిగింది. యాభై రెండు సెకన్లు.

ఢిల్లేశ్వరి వంతు వచ్చింది. పై నుంచి బాణంలా బయల్దేరింది. మొదటి ఆరు కర్రల దగ్గర నీడపట్టున మంచు ఇంకా కాస్త మెత్తగానే ఉంది. ఆ ఆరూ ఆమె తిరిగిన తీరు చూసి కింద జనం ఈలలు వేశారు. ఏడో కర్ర దగ్గర నిటారు వాలు, నీలం మంచు. ఎడమకి ఒరిగింది. పాదం కింద అంచు కరుచుకుంది. కానీ దాని వెనక మూరెడు అంచు పట్టలేదు. స్కీ తోక సర్రున కిందికి జారింది. ముక్కు పైకి తిరిగింది. ఢిల్లేశ్వరి పక్కకి పడి, గాజు మీద పడ్డ గిన్నెలా గిర్రున తిరుగుతూ, నలభై గజాలు జారి, వాలు పక్కన అడ్డంగా కట్టిన వలలో చిక్కుకుంది.

లోకనాథం కప్పుకున్న దుప్పటి విసిరేశాడు. పరిగెత్తుకుంటూ వెళ్లాడు. మోచెయ్యి దోక్కుపోయింది, పెదవి చిట్లింది, అంతకుమించి దెబ్బలేం లేవు. తలకి గట్టి టోపీ ఉండబట్టి సరిపోయింది. కానీ ఆమె పోటీ అక్కడితో అయిపోయింది.

ఆంగ్మో దీదీ వచ్చింది. పడ్డ స్కీలు లేపి నిలబెట్టి, అలవాటుగా గోరు గీసింది. తెల్లటి పొడి రాలింది. ఆమె ముఖం చిన్నబోయింది.

"స్కీది తప్పు కాదు. పదును చక్కగా ఉంది" అని నిట్టూర్చింది. "భయపడ్డావు ఢిల్లీ. గట్టి మంచు చూసేసరికి నీ కాళ్లు వణికాయి. నీకు భయం లేదనుకున్నాను. నేనే పొరపాటు పడ్డాను."

చూశారా తమాషా! ఏ జానెడు పదును ఆమెకి మూడు నెలలు భేష్ అనిపించిందో, అదే ఇప్పుడు ఎదురు తిరిగి ఆమె మీదే సాక్ష్యం చెప్పింది. స్కీ మంచిది కాబట్టి మనిషే పనికిరాదు అని తేల్చేసింది. ఢిల్లేశ్వరికి పెదవి నెత్తురు ఉప్పగా తగులుతోంది. 'భయమా? నాకా?' అని లోపల రగిలిపోయింది. నోరు మూసుకుంటే పిరికిది అన్న పేరు. నోరు తెరిస్తే మోసగత్తె అన్న పేరు. సీటు ఎలాగూ పోయింది. మీరైతే ఏ పేరు తీసుకుంటారు?

ఆమె చుట్టూ చూసింది. ముఠావాళ్లున్నారు, బడి పిల్లలున్నారు, పల్మో ఉంది. తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు. నిజం చెప్పమని ఆయన సైగైనా చెయ్యలేదు. కూతురు తనంతట తాను చెప్పాలని ఆయన ఆశ.

"దీదీ, మీ వేలు కాస్త కిందికి జరపండి" అంది ఢిల్లేశ్వరి.

"ఏమిటి?"

"జానెడు కిందికి. అక్కడ గీయండి."

దీదీ వేలు జరిపింది. గోరు నున్నగా జారిపోయింది. ఇంకా కిందికి జరిపింది. వేలికి తుప్పు అంటింది. పైకి, ముక్కు వైపు చూసింది. అక్కడా అంతే.

"మీ వేలు పడేచోటే నూరాను దీదీ. మిగతాది నూరలేదు. మూడు నెలలుగా ఇంతే" అంది ఢిల్లేశ్వరి. తల దించలేదు. "నేను భయపడలేదు. పని ఎగ్గొట్టాను."

ఆంగ్మో దీదీ వేలికంటిన తుప్పు తుడుచుకుంది. "నా తప్పు కూడా ఉంది" అంది. "ఇరవై జతలని నేనూ తొందరపడ్డాను, ఒక్కచోటే చూశాను. కానీ ఢిల్లీ, నువ్వు పడింది నిటారు వాలు మీద. వల లేకపోతే కింద బండలే. నన్ను మోసం చేశాననుకున్నావు. పోబోయింది ఎవరి ప్రాణం?"

పోటీ నియమం నియమమే. ఢిల్లేశ్వరి పేరు కొట్టేశారు.

రెండో పరుగుకి రెండు గంటల వ్యవధి ఉంది. అందరూ టీలకీ రొట్టెలకీ వెళ్లిపోయారు. ఢిల్లేశ్వరి కదల్లేదు. కాసేపటికి దీదీ దగ్గరికి వెళ్లింది.

"దీదీ, ఒక్క మాట. అందరూ దిగాక, చివర్న నన్నొక్కసారి దిగనిస్తారా? లెక్కలోకి వద్దు. సీటూ వద్దు."

"మరి ఎందుకు?"

"నా కాళ్లు వణికాయన్నారు కదా. వణకవని నాకు తెలియాలి."

దీదీ ఆమె చిట్లిన పెదవి కేసి చూసింది. "అంచులు నూరుకుని రా. అప్పుడు చూద్దాం" అంది.

ఢిల్లేశ్వరి ఇంటికి పరిగెత్తి ఆకురాయి, సానరాయి, గుడ్డ పట్టుకొచ్చింది. కొండ కింద ఒక చెక్కబల్ల ఉంది. లోకనాథం స్కీని దాని మీద పక్కకి నిలబెట్టి గట్టిగా అదిమి పట్టుకున్నాడు. "నేను పట్టుకుంటానంతే. లాగడం నీదే" అన్నాడు.

ఆమె ముక్కు దగ్గర మొదలుపెట్టింది. తుప్పు కదల్లేదు. మళ్లీ లాగింది. మూడు నెలల బద్ధకం కదా, ఒక్క లాగుకి పోతుందా? ఎర్రటి పొడి రాలింది, తర్వాత నల్లటి రజను, చాలాసేపటికి తెల్లటి ఇనుము మెరిసింది. గుడ్డతో తుడిచింది. మళ్లీ లాగింది. వేళ్లు మొద్దుబారాయి. దోక్కుపోయిన మోచెయ్యి సలపడం మొదలుపెట్టింది. లోకనాథం చూశాడు, పళ్లు బిగించుకున్నాడు, కానీ ఆకురాయి అడగలేదు.

"ఇంకొంచెం సన్నంగా తియ్యకూడదేటమ్మా, కత్తిలాగ?" అని మాత్రం అన్నాడు.

"వద్దు నాన్నా. కత్తిలా పల్చనైతే విరిగిపోతుంది. అంచుకి మూల నిలబడాలి" అంది ఢిల్లేశ్వరి. దీదీ ఎప్పుడో మొదటి రోజున చెప్పిన మాట అది. అన్నీ తెలుసు ఆ పిల్లకి. తెలియక కాదు కదా చెయ్యనిది!

అసిరమ్మ సత్తుగిన్నెలో వేడి చోడంబలి, అదే రాగి జావ, తెచ్చి కూతురి నోటికి అందించింది. తిడదామనే వచ్చింది. ఆ చేతులు చూశాక తిట్లు రాలేదు. "తాగవే, తాగి లాగు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మూడంచులు అయ్యేసరికి పోటీ మళ్లీ మొదలైంది. పైన పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఢిల్లేశ్వరి తల ఎత్తలేదు. నాలుగో అంచు ముక్కు నుంచి తోక దాకా లాగింది. సానరాయి పట్టింది. ఆఖరి అంగుళం దాకా గోరు గీసి చూసుకుంది. పొడి రాలని చోట మళ్లీ నూరింది. ఇప్పుడు ఆమెని ఎవరూ పరీక్షించడం లేదు, అందరి కళ్లూ కొండ మీదే ఉన్నాయి. పల్మో రెండో పరుగు యాభై సెకన్లలో ముగించింది. సీటు పల్మోదని కేకలు వినిపించాయి.

చివర్న ఢిల్లేశ్వరి స్కీలు భుజాన వేసుకుని కొండ ఎక్కింది. అప్పటికి పంతొమ్మిదిమంది రెండేసిసార్లు దిగి ఉన్నారు. మంచు చెక్కుకుపోయి, మలుపుల దగ్గర గాడులు పడ్డాయి. పొద్దుటి కంటే దారి ఇంకా కష్టంగా ఉంది. జనం సగంమంది వెళ్లిపోయారు. దీదీ మాత్రం కింద నిలబడి, అలవాటుకొద్దీ చేతిలో గడియారం నొక్కింది.

ఆరు కర్రలు తిరిగింది. ఏడో కర్ర. ఎడమకి ఒరిగింది. ఈసారి ముక్కు నుంచి తోక దాకా అంచు నీలం మంచుని కోస్తూ కరకరమంది. ఎక్కడా జారలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. ముఠావాళ్లు కేకలు పెట్టారు. "అదీ ఢిల్లమ్మా! అదీ!" ఆమె చివరి జెండా దాటి, మంచు ఎగజిమ్ముతూ ఆగింది.

దీదీ గడియారం కేసి చూసింది. తిప్పి చూపించింది. నలభై ఆరు సెకన్లు. ఆ రోజు మొత్తం మీద ఎవరూ అంత తక్కువలో దిగలేదు. అది ఎక్కడా రాయలేదు. రాయడానికి వీల్లేదు.

ఢిల్లేశ్వరి ఆ మంచులోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చేతకాక ఓడిపోతే మనసు ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటుంది. గెలవగలిగి ఓడిపోతే ఏం చెప్పుకోవాలి?

పల్మో వచ్చి పక్కన కూర్చుంది. "నీ అంత వేగం నాకు రాదు. నిజానికి ఈ సీటు నీది" అంది.

ఢిల్లేశ్వరి ముక్కు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. "కాదు. వారం వారం గంటన్నర కూర్చున్నది నువ్వు. నీదే. బాగా నేర్చుకో."

మార్చిలో ముఠా సామాను లారీ ఎక్కింది. పల్మో అప్పటికే శిక్షణకి వెళ్లిపోయింది. ఢిల్లేశ్వరి బడి స్కీలు తిరిగి ఇచ్చెయ్యడానికి వెళ్లింది. వాడినన్నాళ్లూ లేని శ్రద్ధతో, తుడిచి, నూరి, తుప్పు పట్టకుండా అంచులకి మైనం రాసి మరీ తెచ్చింది.

"ఇంకెవరో వాడుకుంటారు కదా దీదీ" అంది.

"నువ్వు వెళ్లేచోట మంచు లేదన్నారు. మరి ఎలా?" అని అడిగింది ఆంగ్మో దీదీ.

"వచ్చే ఏడు పోటీకి బయటివాళ్లని రానిస్తారా?"

"పదిహేడు దాటనివాళ్లు ఎవరైనా రావచ్చు. నీకు ఇంకొక్క ఏడు ఉంది."

"అయితే వస్తాను. మంచు లేకపోతే మెట్లెక్కి కాళ్లు గట్టి చేసుకుంటాను. డిసెంబరు మొదటి తారీకున మీ గుమ్మంలో ఉంటాను" అంది ఢిల్లేశ్వరి. లోకనాథం లారీ దగ్గర నుంచి పిలిచాడు. ఆమె దీదీకి దండం పెట్టి, వెనక్కి చూడకుండా నడిచింది.

కాబట్టి పిల్లలూ, పని చెయ్యాల్సింది చూసేవాళ్ల కోసం కాదు, ఆ పని నిలబడాల్సిన రోజు కోసం: మెప్పు కోసం జానెడు చేసి ఊరుకుంటే, అవసరం వచ్చిననాడు చెయ్యని బారెడూ మనల్ని కింద పడేస్తుంది.